ఎడారిలో హిమము, మన తీరమున నాగజెముడు

నెల్లూరు సీమ సముద్రతీరమున, మైపాడు మొదలుకొని కృష్ణపట్నము, తూపిలిపాలెము, దుగరాజపట్నములు దాటి పులికాటు సరస్సు వరకును సాగిన యిసుకతిన్నెలపై, తాటిచెట్ల మొదళ్ళ చెంతను, సరుగుడుతోటల గట్లమీదను, ఎవరును నాటకయే, ఎవరును నీరు పోయకయే గుబురులు కట్టి నిలిచియుండు నాగజెముడును చూచినవారికి, ఆ మొక్క కేవలము ఎండకొరకే పుట్టినదని తోచుట సహజము. వైశాఖ జ్యేష్ఠములలో పడమటిగాలి వడగాలియై వీచి, పాదము మోపరాకుండ ఇసుక కాలుచున్న వేళ, చుట్టునున్న గడ్డియంతయు మాడిపోయినను దాని మందపుటట్టలు పచ్చదనమును వీడవు. పైపెచ్చు ఆ ఎండలలోనే అంచులపై పసుపుపచ్చని పూవులు విచ్చుకొనును. అట్టి మొక్కకును హిమమునకును బాంధవ్యము కలదన్నచో నమ్ముట కష్టము. కాని కలదు, ఆ బాంధవ్యమును తెలిసికొననిదే ఈ మొక్క మన తీరమున ఒకప్పుడంతగా ఏల ప్రబలెనో, ప్రబలినది మరల ఏల క్షీణించెనో చక్కగా బోధపడదు.

2019 ఫిబ్రవరి 22వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఆరిజోనా రాష్ట్రమున, టూసాన్ నగరమును చుట్టియున్న ఎడారిపై మంచు కురిసినది. అంతకు ముందునాడు, అదే రాష్ట్రపు ఉత్తర పీఠభూమిపైనున్న ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణమున ఒక్క దినములో 35.9 అంగుళముల మంచు పడి, అచటి పూర్వపు లెక్కలనన్నిటిని మించిపోయినది. ఆనాటి ఛాయాచిత్రములను లోకమంతయు చూచినది: నలువదియడుగుల ఎత్తున స్తంభములవలె నిలిచిన సవారో జెముళ్ళు, గాలి వీచిన వైపున మాత్రము నిలువునా తెల్లబడి, ఆకాశమునకెత్తిన కొమ్మల కొనలపై మంచు కుప్పలు మోయుచు, రెండవవైపున యథాప్రకారము పచ్చగానే ఉన్నవి. ఆ ప్రాంతము మనవారికి నేడు కొత్తది కాదు. ఫీనిక్సు, టెంపీ, చాండ్లర్ పట్టణములలో విద్యకును ఉద్యోగములకును పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములనేకము. నెల్లూరి వేసవిలో పెరిగినవారికి ఆ ఎడారి వేసవి కొంతవరకు పరిచితమే కావచ్చును. ఎడారిలో తెల్లవారునప్పటికి వాకిట మంచు పరచుకొనియుండుట మాత్రము, పుట్టి బుద్ధెరిగిన పిదప చూడని వింత.

ఎడారి యనగా వేడిమి యని మనము తలంచుచుందుము. వాస్తవమునకు ఎడారికి లక్షణము వర్షాభావమేగాని ఉష్ణము కాదు. మన దేశముననే లదాఖు, స్పితి ప్రాంతములు ఎడారులు. అచట ఏటేట మంచు పడుచునే ఉండును. ఆఫ్రికాలోని సహారా యెడారి అంచున, అల్జీరియా దేశపు ఐన్ సెఫ్రా పట్టణములో 1979లోను, మరల 2016 డిసెంబరులోను, 2018 జనవరిలోను ఎఱ్ఱని యిసుకతిన్నెలు మంచుతో తెల్లబడినవి. ఎడారిగాలిలో తేమ స్వల్పము, మేఘములు అరుదు, అందుచేత పగటివేళ నేల గ్రహించిన వేడిమి రాత్రివేళ నిరాటంకముగా ఆకాశమునకు పోవును. సముద్రము చెంతనున్న మన తీరమునకు తేమగాలి రక్షణమిచ్చుచుండగా, ఆ ఎడారులకు అట్టి రక్షణము లేదు. చలికాలమున ఉత్తరమునుండి శీతలవాయువు దిగివచ్చి, అదే సమయమునకు పసిఫిక్ సముద్రమునుండి తేమ తోడైనచో హిమపాతము సంభవించును. సముద్రమట్టమునకు సుమారు 730 మీటర్ల ఎత్తుననున్న టూసాన్‌లో ఇది అప్పుడప్పుడు జరుగునది. 1971 డిసెంబరు 8న అచట 6.8 అంగుళముల మంచు పడినది. అంతకంటె పల్లమైన ఫీనిక్సులో మాత్రము 1933లోను 1937లోను ఒక్కొక్క అంగుళము పడుటయే చెప్పుకొనదగిన సంగతి.

ఇచట జెముడు అను పేరు గల మొక్కలలో ఒక భేదమును గుర్తించుట అవసరము. మన మెట్టలపైనను పొలముల గట్లపైనను కనబడు బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు మొదలగునవి గిల్లినంతనే పాలు కారునవి. అవి పాతలోకపు మొక్కలు, వేరొక కుటుంబమునకు చెందినవి. నాగజెముడును గిల్లినచో పాలు రావు, జిగురు వచ్చును. దాని యట్టను దగ్గరగా పట్టి చూచినచో, వరుసలు తీరియున్న చిన్నచిన్న మెత్తని గుబ్బలు కనబడును. ఒక్కొక్క గుబ్బనుండి కొన్ని పొడుగుపాటి పసుపుపచ్చని ముండ్లును, వాని మొదట కంటికానని నూగుముండ్ల కుచ్చును బయలుదేరును. పొడుగుముల్లు గుచ్చుకొన్నచో తీసివేయవచ్చును. నూగుముల్లు చర్మమున దిగినచో రెండుమూడు దినములు బాధింపక మానదు. ఈ గుబ్బలే నాగజెముడును సవారోయును చేరిన కుటుంబమునకు ముద్రలు. అట్టి ముద్ర గల మొక్కలు, ఒకటి తప్ప, అన్నియు అమెరికా ఖండములందే పుట్టినవి. సహారాలో మంచు పడినప్పుడు దానికి గురియగు నాగజెముళ్ళన్నియు మనుష్యులు కొనిపోయి నాటినవే.

ఈ కుటుంబపు మొక్క బలమంతయు నీటిని దాచుకొనుటయందున్నది. చలివలన దానికి కలుగు ప్రమాదమంతయు ఆ నీటియందే ఉన్నది. నిండుగా నీరు త్రాగిన సవారో టన్నుల బరువు తూగును. అందులో అధికభాగము నీరే. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము దాదాపు నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగును. కణము లోపలనే మంచు ఏర్పడెనా, కణపు పొరలు చినిగి అది మరణించును. సాధారణముగా మంచు మొదట కణముల నడుమనున్న ఖాళీలలో పుట్టును. అది అచటనే నిలిచి, కణములలోని నీటిని కొంచెము కొంచెముగా తనవైపు లాగికొనును. కణము ఎండి ముడుచుకొనును. ఈ ఎండుదలను ఓర్చుకొనగలిగిన జాతి బ్రతుకును, ఓర్చుకొనలేనిది చచ్చును. మన నాగజెముడు అట్టలను విరిచినప్పుడు చేతికంటుకొను జిగురు ఈ విషయమున ఎంతయో తోడ్పడును: అది నీటిని పట్టియుంచి, మంచు పలుకులు త్వరత్వరగా పెరుగకుండ అడ్డుపడును. ఎండలో నీరు ఆవిరికాకుండ కాపాడు పదార్థమే చలిలో నీరు త్వరగా గడ్డకట్టకుండ కాపాడుచుండుట నాకెంతయు ఆశ్చర్యమును ఆనందమును కలిగించు సంగతి.

హిమము తనంతట తాను జెముడునకు పెద్ద శత్రువు కాదనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. మంచు కురియు రాత్రి ఆకాశము మేఘావృతమై యుండును. నేలవేడిమి పైకి పోకుండ మేఘము ఆపును. పడిన మంచు సున్న డిగ్రీలకు ఎంతయో దిగువకు పోదు; చిన్న మొక్కలపై అది కంబళి కప్పినట్లుండి, పైనున్న అతిశీతలవాయువును తాకనీయదు. కరుగునపుడు బొట్టుబొట్టుగా కరిగి, ఎడారివానవలె పైపైన పారిపోక, వేళ్ళకందునట్లు నేలలోనికింకును. ప్రమాదము మరునాటి రాత్రి వచ్చును. మేఘములు విడిపోయి, చుక్కలు స్ఫుటముగా కనబడు ఆ నిశ్చలరాత్రియందు వేడిమి ఆకాశమునకు ఎగసిపోయి, సున్నకు దిగువ ఆరేడు డిగ్రీల వరకు శీతలము దిగవచ్చును. అంతకంటెను ముఖ్యమైనది ఆ రాత్రి వెనుక వచ్చు పగలు. సూర్యుడు వచ్చి కరిగించినచో మొక్క తేరుకొనును; సూర్యుడు రాక, ఒక రాత్రి చలి పగటిని దాటి రెండవరాత్రిలో కలిసినచో సవారో తాళజాలదు.

ఈ రహస్యమును కనిపెట్టినవాడు ఫారెస్ట్ ష్రీవ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. టూసాన్ చెంత టుమామాక్ గుట్టపై కార్నెగీ సంస్థవారు 1903లో ఎడారి ప్రయోగశాలను నెలకొల్పిరి. అచట పనిచేయుచు ఆయన 1911లో ప్రకటించిన వ్యాసమున, సవారో ఎంతవరకు వ్యాపింపగలదో నిర్ణయించునది ఎంత లోతు చలి పడినదన్నది కాదనియు, గడ్డకట్టు చలి నడుమ కరుగుదల లేక వరుసగా ఎన్ని గంటలు నిలిచినదన్నదే యనియు వివరించెను. ఉత్తరమునకు పోయిన కొలదియు, కొండ ఎక్కిన కొలదియు, అట్టి గంటలు పెరుగును. అవి మితిమీరిన చోట సవారో వనము ఆగిపోవును. ఒకే కొండపై దక్షిణపు వాలున సవారోలుండగా, ఉత్తరపు వాలున లేకపోవుటకు కారణమిదియే.

చలి సోకిన సవారో దేహమున ఆ చరిత్రయంతయు వ్రాసియుండును. పెరుగుదలయంతయు జరుగునది శిఖరాగ్రమునందు. ఆ లేతభాగమును దట్టమైన ముండ్లును మెత్తని నూగును కప్పి కాపాడుచుండును. కాపుదల చాలని రాత్రి ఆ కొన దెబ్బతిని, కొంతకాలము పెరుగుదల కుంటుపడి, పిదప మరల సాగును. స్తంభమునకు ఆ చోట నడుము బిగించినట్లు ఒక నొక్కు శాశ్వతముగా మిగులును. కొమ్మల మొదళ్ళలోని కణజాలము చచ్చినచో, అంతవరకు పైకి చూచుచుండిన కొమ్మ నేలవైపునకు వాలును. ప్రాణమున్నంతవరకు దాని కొన మాత్రము మరల ఆకాశమువైపునకు తిరిగి పెరుగును. పల్లెపల్లెన పాతచెట్లను చూపి తుపానుల లెక్క చెప్పు మన తీరపు వృద్ధులవలె, అచటివారు ఆ వంకరలను చూపి చలియేడుల లెక్క చెప్పగలరు.

1933లో టూసాన్ ప్రక్కనున్న సవారో వనమును జాతీయ సంరక్షితస్థలముగా ప్రకటించిరి. నాలుగేండ్లు తిరుగకమునుపే, 1937 జనవరిలో తీవ్రమైన చలి వచ్చినది. అప్పటికప్పుడు చెట్లు కూలలేదు. కొన్ని సంవత్సరములకు మహావృక్షములు నల్లబడి, దుర్గంధముతో కూడిన ద్రవము కార్చుచు, కుళ్ళి ఒరిగిపోవసాగినవి. పరిశీలించినవారికి ఆ కుళ్ళులో సూక్ష్మజీవులు కనబడినవి. ఇది అంటురోగమని తలంచి, 1940వ దశకమున రోగగ్రస్తములైన చెట్లను నరికి పాతిపెట్టిరి. ఆ వనమునకు ఇక భవిష్యత్తు లేదనికూడ కొందరు నిరాశ చెందిరి. 1962, 1971, 1978 సంవత్సరముల చలులను అచటనే ఉండి లెక్కగట్టిన వారెన్ స్టీన్‌బర్గ్, చార్లెస్ లో అను ఇరువురు పరిశోధకుల కృషివలన అసలు సంగతి తేటపడినది: చంపినది చలియే, సూక్ష్మజీవి చచ్చిన భాగమును తినుటకు తరువాత వచ్చినది. దెబ్బకును మరణమునకును నడుమ సంవత్సరములు గడచుటచేత, కారణము కంటికానలేదు. పొలములో తెగులు కనబడినంతనే మందు వెదకు మన రైతులును, మందు అమ్మువారును ఈ కథను ఒకసారి ఆలకించుట మంచిది.

చిన్నమొక్కలకు చలినుండి రక్షణమిచ్చునవి పెద్ద పొదలు. సవారో విత్తనము బయలునందు మొలచినచో బ్రతుకుట అరుదు; పాలో వెర్డె, మెస్కీట్ వంటి చెట్ల నీడను మొలచినది, పగలు ఎండనుండియు రాత్రి ఆకాశపు చలినుండియు తప్పించుకొని, ఎన్నో యేండ్లకు పెంచిన చెట్టును మించిపోవును. ఈ మెస్కీట్ మన తీరమంతట కమ్ముకొనిన సర్కారుతుమ్మకు దాయాది. అదియు అమెరికానుండి వచ్చినదే.

అన్ని జాతులకును సవారోకువలె చలి దుస్సహము కాదు. నాగజెముడు ప్రజాతియందే ఫ్రాజిలిస్ అను చిన్నజాతి ఒకటి కెనడా దేశమున, శీతకాలమున సున్నకు దిగువ నలువది డిగ్రీల వరకు పడిపోవు మైదానములలో, 56వ అక్షాంశమునకు చేరువగా పీస్ నదీతీరమున పెరుగుచున్నది. శరదృతువున పగలు తగ్గుచుండగనే, అది తనలోని నీటిని తానే వదలుకొనును; అట్టలు ముడుతలు పడి, వాడి, నేలపై వ్రాలిపోవును. చూచినవారు చచ్చినదని పారవేయుదురు. మిగిలిన కొద్ది నీటిలో చక్కెరలు మున్నగునవి చిక్కబడి, గడ్డకట్టు స్థాయి దిగిపోవును. వసంతమున మరల నీరు త్రాగి లేచి నిలుచును. దక్షిణమున ఆండీస్ పర్వతములపై, మూడు వేల మీటర్లకు మించిన ఎత్తున, ఒళ్ళంతయు తెల్లని పొడుగు రోమములతో కప్పుకొనిన జెముళ్ళున్నవి. ఆ రోమములు పగటి తీక్ష్ణమైన ఎండను, రాత్రి గడ్డకట్టు చలిని రెంటిని అడ్డుచున్నవి.

ఇక మన తీరమునకు వచ్చెదము. మార్గశిర పుష్యములలో, పెన్నానది మీదను చెరువుల మీదను పొగమంచు దట్టముగా క్రమ్ము ఉదయములందైనను, నెల్లూరి చలి 20 డిగ్రీల చుట్టుప్రక్కలనే ఉండును. మన్యమున లంబసింగివంటి ఎత్తైన చోట్ల ఒక్కొక్క యేడు గడ్డిపై మంచుబిందువులు గడ్డకట్టినవని వార్తలు వచ్చుచుండును గాని, తీరమున నీరు తనంతట గడ్డకట్టుట ఎవరును ఎరుగరు. అమెరికాలో జాతికొక సరిహద్దును గీచిన ఆ శక్తి మన యిసుకపై ఎన్నడును పనిచేయలేదు. వానలు ఎక్కువైన చోట నీరు నిలిచినచో జెముడు వేళ్ళు కుళ్ళును. కాని ఆశ్వయుజ కార్తికములలో కుండపోతగా కురిసినను తిన్నెలపై నీరు నిలువదు. ఉప్పుగాలి దానిని బాధింపదు. మన తీరమున పెరుగునది స్వదేశమునను సముద్రతీరవాసియే. విరిగిన అట్ట పడినచోటనే వేరు విడుచును. పండ్లను పక్షులు తిని గింజలు వెదజల్లును. పాతదినములలో పిల్లలు ఆ ఊదావన్నె పండ్లను కోసి, నూగుముండ్లు రాలునట్లు ఇసుకలో బాగుగా దొర్లించి, ఒలిచి తిని, నాలుకలు ఎఱ్ఱగా చేసికొని యిండ్లకు వచ్చుట తీరపు పల్లెలలో సామాన్యము. అడ్డు లేని మొక్కకు ఇంతకంటె అనుకూలమేమి కావలెను? దక్షిణదేశమున కంచెలకై నాటిన నాగజెముడు కంచెలు దాటి, బంజరులను, బాటలను, ఊరిబయళ్ళను ఆక్రమించి, పాములకును పందికొక్కులకును నెలవైనది. క్షామకాలములలో ముండ్లు కాల్చి పశువులకు మేపుటకు మాత్రమే ప్రజలు దానిని తలచుకొనిరి.

అది వచ్చుటకును పోవుటకును నడుమ ఎఱ్ఱరంగు కథ ఒకటి ఉన్నది. మెక్సికోలో నాగజెముడుపై పెరుగు కొచినీల్ అను పురుగునుండి తీయు ఎఱ్ఱరంగు స్పెయిన్ దేశమునకు అపారమైన ధనమును తెచ్చుచుండెను. దానిని హిందూదేశమున ఉత్పత్తి చేయవలెనని ఈస్టిండియా కంపెనీవారికి ఆశ పుట్టినది. 1786 నుండి మదరాసు ప్రభుత్వ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఇందునిమిత్తమై లేఖలపై లేఖలు వ్రాసి, మదరాసు చెంత సైదాపేటలో అమెరికా జెముళ్ళతోట వేసెను. విచారింపగా ఇదియొక విచిత్రము: ఎఱ్ఱరంగు ఈ తీరమునకు కొత్తది కాదు. మన యిసుకనేలలలో పెరుగు చిరివేరు అను చిన్నమొక్క వేళ్ళనుండి తీసిన ఎఱుపుతోనే కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు దేశదేశములకు పోయినవి. ఆ వేరును త్రవ్వినవారి పేరులు ఏ గ్రంథమునను లేవు. పురుగును వెదకినవారి లేఖలు మాత్రము అచ్చుపడినవి.

1795లో నీల్సన్ అను కెప్టెన్ బ్రెజిలునుండి కొన్ని పురుగులను కలకత్తాకు తెచ్చెను. అప్పటికి రెండేండ్ల క్రితమే మన సామర్లకోట తోటను విడిచిపోయిన విలియం రాక్స్‌బరో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా ఉండెను. వచ్చినది మెక్సికో పురుగు కాదు. దాని రంగు నాసి. కాని అది ఒక జాతి నాగజెముడును చూచినచోటనెల్ల పీల్చి చంపివేసినది. రంగుకై తెచ్చిన పురుగు కలుపు తీయుటకు పనికివచ్చునని గ్రహించి, 1836, 1838 సంవత్సరముల మధ్య దానిని దక్షిణదేశమునకు కొనివచ్చిరి. ఒక కలుపుమొక్కను నిర్మూలించుటకై ఉద్దేశపూర్వకముగా పురుగును వదలుట లోకమున ఇదియే మొదటిదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను మన తీరమున నేడు కనబడు జాతి వేరు. దానిని ఆ పురుగు ముట్టలేదు. చచ్చిన జాతి విడిచిన తావునుకూడ ఇదియే ఆక్రమించినది. దాదాపు తొంబది సంవత్సరముల పిదప, 1926లో, ఆస్ట్రేలియానుండి సింహళమునకు చేరిన మరియొక కొచినీల్ జాతిని మదరాసు రాజధానికి తెప్పించి వదలగా, అయిదారేండ్లలో విస్తారమైన భూములు విడుదలయైనవి. ఇదే కాలమున ఆస్ట్రేలియాలో 2 కోట్ల 40 లక్షల హెక్టార్లను కప్పివేసిన నాగజెముడును అర్జెంటీనానుండి తెచ్చిన ఒక చిమ్మెట గొంగళి తినివేసినది. మంచు చేయవలసిన పనిని, మంచులేని దేశములలో, పురుగు చేసినది.

1926లో మనము వదలిన కొచినీల్ పురుగు సంతతి నేటికిని మన నడుమ ఉన్నది. ఎండినట్లు పసుపుబారిన నాగజెముడు అట్టపై దూదిపింజలవంటి తెల్లని తునకలు అంటియుండుట చూడవచ్చును. ఆ పింజ క్రింద రెక్కలులేని ఆడుపురుగు తన మూతిని అట్టలో దించి కదలక కూర్చుండును. పుల్లతో పింజను నలిపినచో, వ్రేలినంటుకొని తొందరగా పోని చిక్కని ఎఱుపు కారును. రెండు శతాబ్దముల క్రితము కంపెనీవారు నిద్రమాని వెదకిన రంగు అట్టిదే.

మొక్కలు ఇట్లు దేశములు మారుట ఏకముఖముగా జరుగలేదు. ఆఫ్రికాయందును పశ్చిమాసియాయందును మన దేశమునందును సహజముగా పెరుగు అంజన్ గడ్డిని, పశుగ్రాసమునకై గత శతాబ్దపు మధ్యకాలమున ఆరిజోనాకు తీసికొనిపోయిరి. సొనోరా ఎడారిలో మొక్కకును మొక్కకును నడుమ బట్టబయలుండుటచేత నిప్పు ప్రాకెడిది కాదు. ఆ ఖాళీలను ఈ గడ్డి నింపినది; ఎండిన గడ్డి అంటుకొని, అగ్ని నెరుగని సవారోలు కాలిపోవుచున్నవి. ఈ గడ్డికి కూడ చలి గిట్టదు. చలికాలములు మృదువగుచున్న కొలదియు అది కొండలపైకి ఎక్కుచున్నది. టూసాన్ పరిసరములలో ప్రజలు సెలవుదినములందు కొండలెక్కి దానిని కుదుళ్ళతో పెరికివేయుచున్నారని చదివినపుడు, మన బంజరులలో నాగజెముడును నరికి కుప్పలు వేసిన పూర్వుల శ్రమ జ్ఞప్తికి వచ్చినది.

చలి తగ్గినచో సవారోకు మేలే గదా యని అడుగవచ్చును. అందుకు ఉత్తరము ఆ మొక్క రాత్రులందున్నది. సామర్లకోటలో కంపెనీవారి తోటను చూచిన బెంజమిన్ హైన్ అను వైద్యుడు, రణపాల ఆకు ఉదయమున నమిలినచో పుల్లగా నుండి, మధ్యాహ్నమునకు చప్పబడుటను గమనించి, 1813లో లండనుకు జాబు వ్రాసెను. జెముళ్ళదియు అదే పద్ధతి: పగలు రంధ్రములు మూసికొని, రాత్రి చల్లబడినపుడు తెరచి, బొగ్గుపులుసు గాలిని పీల్చి ఆమ్లరూపమున దాచుకొని, మరునాటి వెలుగులో దానిని ఆహారముగా మార్చుకొనును. రాత్రి చల్లబడనిచో ఈ పనియంతయు చెడును. 2023 వేసవిలో ఫీనిక్సున వరుసగా 31 దినములు 43 డిగ్రీలకు తగ్గని ఎండ కాసి, రాత్రులును చల్లబడకపోగా, హిమపాతములనెన్నిటినో చూచిన పెద్ద సవారోలు కొమ్మలు రాల్చి కూలిపోయినవి.

ఇప్పుడు నాగజెముడునకు మన దేశమున మరల ఆదరము కలుగుచున్నది. ముండ్లులేని జాతిని బంజరులలో పెంచి పశుగ్రాసమునకును జీవవాయువునకును వినియోగింపవలెనని కేంద్రప్రభుత్వపు భూవనరుల శాఖ ఇటీవలి సంవత్సరములలో ప్రోత్సహించుచున్నది. నెల్లూరి మెట్టలకు ఇది తగిన పంటయే యని నా అభిప్రాయము; వాన తక్కువైన ఉదయగిరి వైపు రైతులకు వేసవిలో పచ్చిమేత దొరకుట సామాన్యమైన మేలు కాదు. అయితే 1926లో మనము వదలిన పురుగునకు కలుపు ఏది, పంట ఏది యను విచక్షణ లేదు. మొరాకో దేశమున తరతరములుగా కంచెలకును పండ్లకును పెంచిన ఈ జాతి తోటలను, 2014లో అచట ప్రవేశించిన అదే పురుగు కొలది సంవత్సరములలో నాశనము చేసినది. దానిని వానధారలు కడిగివేయును. సంక్రాంతి దాటి వానలు వెనుకబడినప్పటినుండి అది పెరుగును. కావున ముండ్లులేని జెముడు వేయువారు చుట్టుప్రక్కల గట్లపైనున్న పాత నాగజెముడును ముందుగా పరీక్షించి, మాఘమునుండి వేసవి ముగియువరకు అట్టల మొదళ్ళను వారమునకొకమారు తిరుగవేసి చూచి, తెల్లని పింజ కనబడిన అట్టను ఆనాడే కోసి లోతుగా పాతిపెట్టవలెను.